రోజువారీ పనుల మధ్య ప్రార్థన నిలవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవారికి పనికొస్తుంది. మీరు పుట్టుకతో కతోలికులు. ఆదివారం దివ్యబలిపూజ తప్పరు. ఉద్యోగం ఉంది, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. ప్రతి ఏడూ తపస్సు కాలం (ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు) మొదలయ్యే విభూది బుధవారం నాడు పెద్ద నియమం పెట్టుకుంటారు: తెల్లవారుజామున లేచి బైబిలు, సాయంత్రం పూర్తి జపమాల, రాత్రి కుటుంబ ప్రార్థన. రెండో వారం వచ్చేసరికి ఒక్కొక్కటే జారిపోతుంది. తపస్సు కాలం ముగిసేనాటికి ప్రార్థన పోయి, చేయలేకపోయామన్న బాధ ఒక్కటే మిగులుతుంది. జపమాల చెబుతుంటే మనసు ఎక్కడెక్కడో తిరుగుతోంది, ఇది పాపమా అని అడిగారు. మీ వారు కలిసిరావడం లేదని, పిల్లలు కుదురుగా కూర్చోవడం లేదని రాశారు. ఫోనులో చూసి ప్రార్థన చేసుకోవచ్చా అని కూడా అడిగారు.

సూటిగా జవాబు ఇది. మీరు పెట్టుకున్న నియమాన్ని పదో వంతుకు తగ్గించండి. ఆ పదో వంతును మాత్రం ఏ పరిస్థితిలోనూ కదలనివ్వకండి. పొద్దున లేవగానే సిలువ గుర్తు, ఒక్క నిమిషం సమర్పణ. మధ్యాహ్నం త్రికాల జపం. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాల ఆత్మపరిశీలన, మనస్తాప జపం, అంటే పాపాలకు పశ్చాత్తాపపడే జపం. ఆదివారం పూజ ఎలాగూ ఉంది. మొదటి కొన్ని నెలలకు ఇంతకు మించి వద్దు. జపమాల వదలలేననుకుంటే రోజుకు ఒక్క దేవరహస్యం చెప్పుకోండి, అంటే యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టాన్ని తలచుకుంటూ ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. మనసు తిరగడం దానంతట అదే పాపం కాదు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను గురువును (ఫాదర్‌ను) కాను. మా విచారణలో, అంటే ఒక గురువు పరిధిలోని విశ్వాసుల సమాజంలో, చాలా ఏళ్లుగా విశ్వాస పాఠాలు చెబుతూ ఉపదేశిగా పనిచేస్తున్నాను. పెద్దవయసులో జ్ఞానస్నానానికి సిద్ధపడేవాళ్లు, పెళ్లికి సిద్ధపడే జంటలు, పిల్లల్ని తొలి దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) పంపే తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తుంటారు. మీరు అడిగిన ప్రశ్నే దాదాపు అందరూ అడుగుతారు. వాళ్లలో ఎవరి ప్రార్థన నిలిచింది, ఎవరిది నిలవలేదు అన్నది చూస్తూ వచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మనం నియమాలు పెట్టుకునే రోజులే మంచి రోజులు. వడకం (కొన్ని రోజుల ప్రత్యేక ధ్యానం) ముగించుకుని వచ్చిన సాయంత్రమో, విభూది బుధవారమో, పండుగ మర్నాడో పెట్టుకుంటాం. ఆ రోజు గుండె నిండుగా ఉంటుంది, గంటసేపు మోకరించినా భారం అనిపించదు. ఆ రోజు కొలతతో ఏడాదంతటికీ నియమం రాసుకుంటాం. ఇక్కడే దెబ్బ తింటాం. మీ నియమానికి కొలత మీ చెడ్డ రోజు కావాలి. జ్వరం వచ్చిన రోజు, చిన్నవాడు రాత్రంతా నిద్రపోనివ్వని రోజు, ఆఫీసులో మాట పడి వచ్చిన రోజు మీరు ఎంత చెప్పగలరో అదే మీ నియమం. మంచి రోజున అంతకంటే ఎక్కువ చెప్పుకుంటే సంతోషం, దాన్ని దేవునికి కానుకగా ఇవ్వండి, మర్నాటికి బాకీగా రాసుకోకండి.

‘మరీ ఇంత తక్కువా’ అని కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు. ‘ఎడతెగక ప్రార్థించండి’ అని పౌలు గారు తెస్సలోనిక వాళ్లకు రాశారు కదా, రోజుకు పది నిమిషాలు ఏమూలకు అంటారు. దీనికి కతోలిక శ్రీసభ (చర్చి) సత్యోపదేశ గ్రంథం 2697వ పేరాలో చక్కటి మాట ఉంది: నిర్ణీత సమయాల్లో, కావాలని పూనుకుని ప్రార్థించనివారు అన్ని వేళలా ప్రార్థించలేరు. అంటే ముందు కొన్ని వేళలు గట్టిపడాలి, అక్కడి నుంచి మిగతా రోజులోకి ప్రార్థన పారుతుంది. నేను చూసినంతలో ఇది అక్షరాలా నిజం. ‘నేను పని చేస్తూనే దేవుణ్ణి తలచుకుంటుంటాను, నాకు ప్రత్యేకంగా సమయం అక్కర్లేదు’ అన్నవాళ్లలో చాలామంది కొన్నాళ్లకు తలచుకోవడం కూడా మానేశారు.

గడియారానికి కాకుండా, రోజూ ఎలాగూ జరిగే పనికి ప్రార్థనను కట్టండి. మఠాల్లో గంట మోగుతుంది. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళిలో, ప్రార్థనకు పిలుపు వినపడగానే చేతిలో ఉన్న పని ఏదైనా సరే వదిలి రావాలని ఉంది. మనకు గంట మోగించేవారు లేరు. మోగినా ఆ సమయానికి మీరు మీటింగులోనో, బస్సులోనో, పిల్లల స్నానం దగ్గరో ఉంటారు. అందుకే ‘ఆరున్నరకు ప్రార్థన’ అని రాసుకుంటే అది మూడో రోజే తప్పుతుంది. ‘పడక దిగి కాళ్లు నేల మీద పెట్టగానే’ అని పెట్టుకుంటే తప్పదు, ఎందుకంటే ఎంత ఆలస్యంగా లేచినా కాళ్లు నేల మీద పెట్టక తప్పదు.

మా విచారణలో ఒక నర్సు ఉండేది. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఆమెకు ‘పొద్దున ప్రార్థన’ అన్న మాటకే అర్థం లేదు, ఆమె పొద్దున ఒక్కోసారి సాయంత్రం నాలుగింటికి వచ్చేది. మేమిద్దరం కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, ఆమె రోజులో ఎప్పుడూ మారనిది చేతులు కడుక్కోవడం. సబ్బు రుద్ది, వేళ్ల సందులు, గోళ్లు, మణికట్టు శుభ్రం చేసుకునేంతసేపు లోలోపల ఒక పరలోక జపం సరిగ్గా పడుతుంది. ‘మీ చిత్తము నెరవేరును గాక’ అనే దగ్గరికి వచ్చేసరికి కొళాయి విప్పడం, నీళ్లు పోసుకుంటూ మిగతాది ముగించడం ఆమెకు అలవాటైపోయింది. ప్రతిసారీ చెప్పాలని నియమం లేదు, డ్యూటీలో మొదటిసారి, చివరిసారి మాత్రం తప్పనిసరి. తర్వాత తర్వాత, ఏ మంచం దగ్గరికి వెళ్లబోతుందో ఆ రోగి కోసం ఆ జపాన్ని ఒప్పచెప్పడం తనే మొదలుపెట్టింది. నేను చెప్పింది కాదు.

ఇప్పుడు ఆ మూడు సమయాల గురించి ఒక్కొక్కటిగా.

పొద్దున: ఫోను ముట్టుకోకముందు సిలువ గుర్తు. ‘పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున’ అని తొందర లేకుండా, నుదురు, రొమ్ము, భుజాలు నిజంగా తాకుతూ వేసుకోండి. ఈగను తోలినట్టు కాదు. తర్వాత మీ సొంత మాటల్లో ఒకటి రెండు వాక్యాలు: ‘ప్రభూ, ఈ రోజు నా పని, నా చిరాకు, నా సంతోషం అన్నీ మీవే. ఫలానావారి కోసం సమర్పిస్తున్నాను.’ ఈ పొద్దుటి సమర్పణ వెనుక మంచి కథ ఉంది. 1844లో ఫ్రాన్సులోని వాల్స్ అనే ఊళ్లో యేసు సభ (జెసూట్) విద్యార్థులు కొందరు, చదువు ఎప్పుడు ముగుస్తుందా, దూరదేశాలకు వేదబోధకు ఎప్పుడు వెళతామా అని ఆరాటపడుతుంటే, వాళ్ల గురువు ఫాదర్ గోట్రెలె ఒక మాట చెప్పారు. మీ చదువును, రోజువారీ చిన్న పనులను ఇప్పుడే ఆ బోధకుల కోసం దేవునికి సమర్పించండి, అదే మీ బోధ అన్నారు. అక్కడ మొదలైన ‘ప్రార్థన అపోస్తలత్వం’ ఇప్పుడు జగద్గురువుల (పోపు గారి) ప్రపంచవ్యాప్త ప్రార్థనా బృందంగా సాగుతోంది, నెలనెలా ఒక ప్రార్థన ఉద్దేశాన్ని ప్రకటిస్తారు. ఎవరి కోసం సమర్పించాలో తోచని రోజు ఆ ఉద్దేశాన్ని తీసుకోవచ్చు.

మధ్యాహ్నం: త్రికాల జపం. గాబ్రియేలు దూత వార్త, మరియమ్మ సమాధానం, వాక్కు మానవుడు కావడం, ఈ మూడు మాటల మధ్య మూడు మంగళవార్త జపాలు, చివర ఒక ప్రార్థన. రెండు నిమిషాల పని. పాస్క (ఈస్టరు) కాలంలో దీని బదులు ‘పరలోక రాజ్ఞీ’ జపం నిలబడి చెబుతారు. పేరుకు తగ్గట్టు ఇది ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చెప్పుకోవలసిన జపం, కానీ ముందు ఒక్క పూట నిలబెట్టండి. సరిగ్గా పన్నెండింటికే చెప్పాలన్నది ఆచారమే తప్ప చట్టం కాదు. భోజనానికి కూర్చునే ముందు అని పెట్టుకుంటే భోజన ప్రార్థన కూడా కలిసివస్తుంది. ఆఫీసులో నలుగురి మధ్య చేతులు జోడించడానికి మొహమాటంగా ఉంటే లోలోపలే చెప్పుకోండి. అలాగని సిలువ గుర్తును చొక్కా గుండీ సర్దుకున్నట్టు దొంగచాటుగా వేసుకోవలసిన పని కూడా లేదు. ఎవరూ మనం అనుకున్నంతగా మనల్ని చూడరు.

రాత్రి: మూడింటిలో దీన్నే నేను గట్టిగా పట్టుకోమంటాను. ఆత్మపరిశీలన అనగానే చాలామందికి పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ముందు చేసే లెక్క గుర్తొస్తుంది, ఎన్ని అబద్ధాలు, ఎన్నిసార్లు కోపం అని. పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన రాత్రి పరిశీలన అక్కడ మొదలవదు. ముందు కృతజ్ఞత. తర్వాత వెలుగు కోసం అడగడం. ఆ తర్వాతే రోజును మొదటి నుంచి గంట గంటగా చూసుకోవడం, తప్పిన చోట క్షమాపణ, రేపటికి ఒక నిర్ణయం. క్రమం ముఖ్యం. ముందు కృతజ్ఞత చెప్పినవారికి తమ తప్పు చూసుకునే ధైర్యం వస్తుంది. తప్పులతో మొదలుపెట్టినవారు నాలుగు రోజుల్లో విసిగి మానేస్తారు.

కృతజ్ఞత చెప్పేటప్పుడు ‘అన్నిటికీ వందనాలు ప్రభూ’ అనకండి. ఒక్క దాన్ని పేరు పెట్టి చెప్పండి: ఫలానా వ్యక్తి నా బదులు పని చేసిపెట్టారు, పెద్దమ్మాయి అడగకుండానే తమ్ముడికి చెప్పులు తొడిగింది. రోజును చూసుకునేటప్పుడు కూడా అంతే, విషయం చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. పెళ్లి సిద్ధపాటుకు వచ్చినప్పటి నుంచి నాకు తెలిసిన ఒక ఆయన ఉన్నారు. రాత్రి పరిశీలన మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఆయనకు ఒక సంగతి తట్టింది. ఇంట్లో గొడవ ఎప్పుడు జరిగినా సాయంత్రం ఆయన లోపలికి అడుగుపెట్టిన మొదటి పది నిమిషాల్లోనే జరుగుతోంది. ఆఫీసు మొహంతోనే గడప దాటుతున్నారు. అప్పటి నుంచి గుమ్మం బయట, తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు తీయకముందు ఒక మంగళవార్త జపం చెప్పుకుని లోపలికి వెళ్లడం అలవాటు చేసుకున్నారు. ఈ జపాన్ని ఆయన ఏ పుస్తకంలోనూ చూడలేదు. రాత్రి పరిశీలన వల్ల దొరికింది. మీకూ మీ రోజులో ఇలాంటి చోటు ఒకటి బయటపడుతుంది. నాలుగో ప్రార్థనను అక్కడ పెట్టుకోండి, ఎవరో చెప్పిన చోట కాదు.

దీన్ని మంచం మీద పడుకుని చేయకండి. కుర్చీలో కూర్చునో, మోకరించో చేసి, మనస్తాప జపం చెప్పి, అప్పుడు పడుకోండి. పడుకుంటే ‘వెలుగు’ దాకా కూడా వెళ్లరు.

ఇక జపమాల, మనసు తిరగడం.

మనసు తిరగడం మనిషి స్వభావం. తెలిసి, ఇష్టపడి దాని వెంట వెళితే అది వేరే సంగతి. సత్యోపదేశ గ్రంథం 2729వ పేరాలో పరాకు గురించి చెబుతూ, దాన్ని వేటాడటానికి పూనుకోవడమంటే దాని వలలో పడటమేనని, మన హృదయంలోకి తిరిగి వస్తే చాలని అంటుంది. మనసు ఎటు వెళ్లిందో చూసుకుంటే మనకు ఏది ముఖ్యమో కూడా తెలుస్తుందని అదే పేరా చెబుతుంది. మీ మనసు మాటిమాటికీ చిన్నవాడి చదువు మీదికి పోతోందా? దాన్ని తరమకండి. ఆ రహస్యాన్ని వాడి కోసమే చెప్పండి.

మీకు ఊరట కలిగించే సంగతి ఇంకొకటి. 1997లో శ్రీసభ పండితురాలిగా ప్రకటించిన లిసియో చిన్న తెరెసమ్మ, ఒంటరిగా జపమాల చెప్పడం తనకు తపస్సు పనిముట్టు (ఒంటిని నొప్పించేది) ధరించడం కంటే కష్టంగా ఉందని రాసుకున్నారు. ఎంత ప్రయత్నించినా దేవరహస్యాల మీద మనసు నిలిచేది కాదట. అవిలా తెరెసమ్మ కొన్నేళ్లపాటు ధ్యానంలో కూర్చుని, గంట ఎప్పుడు కొడుతుందా అని చెవి ఒగ్గి ఉండేదాన్నని దాచకుండా రాశారు. ఇద్దరూ కార్మెల్ మఠవాసులు, ప్రార్థనే వాళ్ల జీవితం. వాళ్ల పరిస్థితే అలా ఉంటే, మధ్యలో కుక్కరు కూత, కాలింగ్ బెల్లు, పిల్లల పేచీ ఉన్న మన సంగతి చెప్పాలా?

అయినా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఒక్క రహస్యమే చెప్పండి, కానీ నిదానంగా. రహస్యం పేరు చెప్పాక వెంటనే పూసల్లోకి దూకకండి, ఆ సంఘటన సువార్తలో ఎక్కడుందో ఒక్క వాక్యం చదివి, ఊపిరి తీసుకునేంతసేపు ఆగండి. ‘మీ గర్భఫలమగు యేసు’ అన్న దగ్గర ఆ రహస్యానికి తగిన చిన్న మాట చేర్చుకోవచ్చు: ‘సిలువను మోసిన యేసు’, ‘మృతులలోనుండి లేచిన యేసు’ అని. ఇది నా కల్పన కాదు. కొన్ని దేశాల్లో ఉన్న ఈ అలవాటును రెండవ జాన్ పౌల్ జగద్గురువులు 2002లో జపమాల గురించి రాసిన లేఖలో మెచ్చుకున్నారు. వెలుగు దేవరహస్యాలను చేర్చింది కూడా ఆ లేఖలోనే. జపమాలకు నడుమ ఉన్నది యేసు నామమేనని, తొందరలో దాన్నే మింగేస్తుంటామని ఆయన బాధ. ప్రయత్నించి చూడండి, పది పూసలు మునుపటిలా జారిపోవు.

ఏ రోజు ఏ రహస్యాలన్నది సూచన మాత్రమే. సోమవారం మీ ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ రోజు సంతోష రహస్యాలే చెప్పాలని ఎవరూ పట్టుబట్టరు. పూర్తి జపమాల చెప్పాలనిపించిన రోజు ఐదు రహస్యాలనూ ఒకే బిగిన ముగించలేకపోతే, పొద్దున ఒకటి, ప్రయాణంలో రెండు, సాయంత్రం రెండు చెప్పినా అది జపమాలే.

ఇంట్లోవాళ్ల సంగతి. పిల్లలు కుదురుగా కూర్చోరు, కూర్చోకూడదు కూడా, ఆ వయసు అలాంటిది. వాళ్ల ఓపికకు లోబడి ప్రార్థనను కుదించండి: ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు, ఒక పాట. వాళ్లకు పని ఇవ్వండి. ఒకరు కొవ్వొత్తి దగ్గర, ఒకరు ‘ఈ రోజు ఎవరి కోసం’ అని చెప్పే దగ్గర. ఆరేళ్ల పిల్ల విరిగిన బొమ్మ కోసం ప్రార్థించమంటే నవ్వకండి, సరిదిద్దకండి, ‘ప్రభూ మా మొర ఆలకించండి’ అనండి. పిల్లలు ప్రార్థన నేర్చుకునేది పెద్దవాళ్లు చెప్పించినప్పటికంటే, పెద్దవాళ్లు తమకు తాము చేసుకుంటుండగా చూసినప్పుడే ఎక్కువ.

భర్త విషయంలో ఒక్క హెచ్చరిక. కుటుంబ ప్రార్థనను ఎవరినీ దెప్పడానికి వాడకండి. ‘ప్రభూ, ఈ ఇంట్లో కొందరికి మీ మీద భక్తి కలిగించండి’ అని పక్క గదిలోకి వినపడేలా ప్రార్థించిన ఇల్లాలు నాకు ఒకరికి మించే తెలుసు. అలా ప్రార్థిస్తే టీవీ శబ్దం పెరుగుతుందే తప్ప మనిషి రారు. ఆయన్ను ఒక్కటి అడగండి: రాత్రి పిల్లల నుదుటి మీద సిలువ గుర్తు వేయమని. ప్రార్థనలు రానివారు, గుడి మెట్లెక్కడం తగ్గించినవారు కూడా ఈ మాట కాదనరు. అంతకుమించి తొందరపెట్టకండి. అలాగే, ప్రార్థన మధ్యలో ఆయనో పిల్లలో పిలిస్తే లేచి వెళ్లండి. రోమాపురి ఫ్రాన్సిసమ్మ, 1384 నుంచి 1440 వరకు జీవించిన గృహిణి, భర్త పిలిచిన ప్రతిసారీ ప్రార్థన పుస్తకం మూసి వెళ్లి, మళ్లీ వచ్చి అదే చరణం దగ్గర మొదలుపెట్టేవారని, అలా నాలుగుసార్లు లేవవలసి వచ్చిన రోజు ఆ చరణం బంగారు అక్షరాల్లో కనిపించిందని ఆమె చరిత్రలో చెబుతారు. బంగారు అక్షరాల సంగతి ఎలా ఉన్నా, లేచి వెళ్లడం వల్ల ప్రార్థన పాడవలేదన్నదే ఆ కథ.

ఎక్కువమంది కాళ్లు తడబడే చోటు ఒకటి ఉంది. ఆదివారం పూజ కాక, మంగళవారం పునీత అంతోనివారి నవదిన ప్రార్థన, బుధవారం నిత్య సహాయమాత నవదిన ప్రార్థన, మధ్యాహ్నం మూడింటికి దివ్య కారుణ్య జపమాల, మొదటి శుక్రవారాలు, ఉత్తరీయం (భక్తి గుర్తుగా మెడలో వేసుకునే చిన్న గుడ్డ ముక్క), ఇవన్నీ మంచివే, శ్రీసభ ప్రోత్సహించినవే. కానీ అన్నీ మీకు కావు. జెనీవా పీఠాధిపతి (బిషప్) పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ 1609లోనే ఈ మాట తేల్చి చెప్పారు. పీఠాధిపతి ఏకాంత సన్యాసిలా బతకాలనుకున్నా, చేతిపనివాడు మఠవాసిలా రోజంతా దేవాలయంలో గడిపినా ఆ భక్తి అస్తవ్యస్తమవుతుందని ఆయన బోధ. భక్తి మన బాధ్యతలకు తగ్గట్టు ఉండాలి. ఇద్దరు చిన్నపిల్లల తల్లికి పిల్లలు అడ్డంకి కాదు, ఆమె పిలుపే అది.

ఒక్క భక్తిని ఎంచుకుని దాంతో ఏళ్ల తరబడి ఉండండి. ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష: అది మిమ్మల్ని పూజకు, సువార్తకు దగ్గర చేస్తోందా, లేక వాటి స్థానాన్ని ఆక్రమిస్తోందా? రెండవ వాటికన్ మహాసభ 1963లో దైవార్చనపై వెలువరించిన పత్రం భక్తి కృత్యాలన్నిటికీ పెట్టిన కొలత కూడా ఇదే. నవదిన ప్రార్థనకు తప్పకుండా వచ్చి, ఆదివారం పూజలో దివ్యసత్ప్రసాదానికి ముందే ఇంటిదారి పట్టేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఏం చేయను.

‘ఈ జపాన్ని పదిమందికి పంపండి, లేకపోతే కీడు’ అని ఫోనుకు వచ్చేవాటిని నిశ్చింతగా తీసేయండి. అది భక్తి కాదు, మూఢనమ్మకం. ఇన్నిసార్లు చెబితే ఇది ఖాయంగా జరుగుతుందన్న హామీలు కూడా అంతే.

ఆదివారాన్ని వారమంతటికీ ఎలా పరచాలో ఒక చిన్న ఉపాయం. శనివారం రాత్రి, మరుసటి రోజు సువిశేష పఠనాన్ని ఒకసారి పైకి చదవండి. పూజలో పఠనాలు మూడేళ్ల చక్రంలో నడుస్తాయి, ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా, యోహాను సువార్త ముఖ్యంగా తపస్సు, పాస్క కాలాల్లో వస్తుంది. చదివి వెళితే ప్రసంగం బాగున్నా లేకపోయినా ఒక వాక్యం మీతో ఇంటికి వస్తుంది. ఆ వాక్యాన్ని సోమవారం నుంచి పొద్దుటి సమర్పణకు చేర్చుకోండి. రోజూ బైబిలు చదవలేని ఇళ్లలో ఇది బాగా పనిచేసింది.

పాపసంకీర్తనం ఏడాదికి ఒక్కసారైనా చేయాలన్నది శ్రీసభ కట్టడ. రాత్రి పరిశీలన చేసేవారికి నెలకో, రెండు నెలలకో వెళ్లాలని వాళ్లకే అనిపిస్తుంది. శుక్రవారం తపస్సు చాలామంది మర్చిపోయారు. తపస్సు కాలంలోనే కాదు, ఏడాదిలోని ప్రతి శుక్రవారమూ తపస్సు దినమే. పద్నాలుగేళ్లు నిండినవారికి మాంస వర్జనం, పద్దెనిమిది నిండిన దగ్గర నుంచి యాభై తొమ్మిది పూర్తయ్యే వరకు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం కూడా. మామూలు శుక్రవారాల్లో మాంసం బదులు మరో త్యాగం చేయవచ్చా అన్నది మీ దేశ పీఠాధిపతుల నిర్ణయాన్ని బట్టి ఉంటుంది, మీ ఫాదర్ గారిని అడగండి.

కొన్నాళ్లకు ఎండిపోయినట్టు అనిపించే రోజులు వస్తాయి. జపాలు నోట్లో ఇసుకలా ఉంటాయి. అప్పుడు ఇగ్నేషియస్ వారి సూత్రం ఒక్కటి గుర్తుంచుకోండి: లోపల చీకటిగా ఉన్నప్పుడు, వెలుగులో ఉండగా చేసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. నియమాన్ని తగ్గించవద్దు, పెంచవద్దు, కొత్త భక్తి వెతుక్కోవద్దు. అదే పది నిమిషాలు, అదే కుర్చీ.

ఇక్కడ రెండు మినహాయింపులు ఉన్నాయి. ఆ చీకటి ప్రార్థనలోనే కాక నిద్రలో, పనిలో, పిల్లల మీద ప్రేమలో కూడా కమ్ముకుంటుంటే వైద్యుణ్ణి కలవండి, అది విశ్వాస లోపం కాదు. రెండోది, చెప్పిన జపం సరిగ్గా చెప్పలేదేమో అని మళ్లీ మళ్లీ మొదటి నుంచి చెబుతుంటే, ఒప్పుకున్న పాపాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటుంటే, వెంటనే ఆపి ఒక్క గురువును ఆశ్రయించి ఆయన చెప్పినట్టు నడవండి. స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్న రోజుల్లో ఇగ్నేషియస్ వారే ఈ బాధతో నలిగిపోయారు. ఇలాంటివారికి ‘ఇంకా ఎక్కువ ప్రార్థించు’ అని సలహా ఇవ్వడం అగ్నికి ఆజ్యం పోయడమే.

ఒక పూట తప్పితే? తప్పిందని ఒప్పుకుని తర్వాతి పూట నుంచి కొనసాగండి. నిన్నటి బకాయి ఈ రోజు చెల్లించే పద్ధతి ఇందులో లేదు. మూడు రోజుల జపమాలలు కలిపి ఆదివారం చెప్పినవాళ్లెవరూ నాలుగో వారం దాకా వెళ్లలేదు. ఆదివారం పూజ సంగతి మాత్రం వేరు, అది మనం పెట్టుకున్న నియమం కాదు, బాధ్యత. చిన్నబిడ్డ సంరక్షణ, అనారోగ్యం లాంటి బలమైన కారణం ఉంటే దోషం లేదు, బద్ధకం కారణమైతే పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిందే.

ఫోను గురించి అడిగారు. పఠనాలు, కీర్తనలు, ఆ రోజు పునీతుల చరిత్ర చదవడానికి ఫోను నిక్షేపంగా వాడండి. ముందు సందేశాలు రాకుండా నెట్ ఆపేయండి. మీరు చెప్పుకునే మూడు ప్రార్థనలను మాత్రం కంఠస్థం చేయండి. త్రికాల జపం, మనస్తాప జపం ఒక చిన్న కాగితం మీద రాసి అద్దం పక్కన అంటిస్తే రెండు వారాల్లో నోటికి వస్తాయి. రాత్రి పరిశీలన వేళకు ఫోను వేరే గదిలో ఛార్జింగ్‌కు పెట్టేయండి. పొద్దున దాన్ని అందుకోవడానికి ఎలాగూ మంచం దిగాలి, దిగేటప్పుడే సిలువ గుర్తు వేసుకోవచ్చు.